వేసవిలో ఇంటిల్లిపాదీ ఆర్‌వీలో ఎడారి చుట్టి రావడం ఎలా?

అమ్మానాన్నలు మే నెలలో అమెరికా వస్తారు. పిల్లలకు జూన్‌లో సెలవులు ఇస్తారు. బావగారి వాళ్లకు జులైలోనే సెలవు దొరుకుతుంది. అందుకే మన కుటుంబాల్లో గ్రాండ్ కేన్యన్ ప్రయాణం ఎప్పుడూ నడివేసవిలోనే పడుతుంది. సరిగ్గా అప్పుడే దారిలో పడే మోహావీ ఎడారి నిప్పులు చెరుగుతుంటుంది. 2024 జులై 7న లాస్ వేగాస్‌లో 120 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో దాదాపు 49.

అయినా వెళ్లి రావచ్చు. డెబ్బై నాలుగేళ్ల మావయ్యగారి నుంచి నాలుగేళ్ల మేనకోడలి దాకా మేం పదకొండు మందిమి. మంచాలు, వంటిల్లు, బాత్రూం అన్నీ ఉండే బండినే ఆర్‌వీ అంటారు. దాన్ని అద్దెకు తీసుకుని లాస్ ఏంజెలెస్‌లో బయల్దేరి లాస్ వేగాస్, జయాన్, బ్రైస్ నేషనల్ పార్కులు, పేజ్ ఊరు, గ్రాండ్ కేన్యన్ చూసుకుని తొమ్మిదో రోజుకు ఇల్లు చేరాం. మొదటి రోజు మాకు తెలియక చేసిన పొరపాటుకు అత్తయ్యగారు చాలా ఇబ్బంది పడ్డారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ కష్టం రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఎలా ఉంటారో ఇక్కడా అలాగే ఉండాలి. తెల్లవారుజామునే కదలాలి, పదకొండయ్యేసరికి నీడకు చేరాలి, పొద్దు వాలాకే మళ్లీ బయటికి రావాలి. రాత్రి పడుకునే చోటు వీలైనంత ఎత్తులో ఉండాలి. ఈ రెండూ పట్టుకుంటే సగం పని అయినట్టే.

1. ముందు సీటు బెల్టులు లెక్కపెట్టండి

ఆర్‌వీ ప్రకటనలో "ఏడుగురు పడుకోవచ్చు" అని చూడగానే "సర్దుకుంటే తొమ్మిది మందిమి పడతాం" అనిపిస్తుంది. పెళ్లింట్లో అలా సర్దుకోవచ్చు. నడిచే బండిలో మాత్రం ఎన్ని బెల్టులుంటే అంతమందే. బుక్ చేసేముందు ఎన్ని బెల్టులున్నాయో, అందులో ముందుకు తిరిగి ఉన్న సీట్లు ఎన్నో అడిగి తెలుసుకోండి. పిల్లల కార్ సీటును పక్కకు తిరిగి ఉండే సోఫాకు బిగించకూడదు. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు కార్ సీటో, ఎత్తు పెంచే బూస్టర్ సీటో ఉండాలి. వాళ్లు 4 అడుగుల 9 అంగుళాలు దాటి ఉంటేనే మినహాయింపు.

డ్రైవర్ క్యాబిన్ పైన మంచం ఉండే రకాన్ని క్లాస్ సి అంటారు. 28 నుంచి 32 అడుగుల క్లాస్ సి బండి కుటుంబాలకు బాగా పనికొస్తుంది. కాలిఫోర్నియాలో 40 అడుగుల లోపు మోటర్‌హోమ్‌ను మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు.

ఎనిమిది మంది దాటితే నా సలహా ఒకటే: ఒక ఆర్‌వీ, దాని వెనక ఒక మినీవ్యాన్. ఇంకో పెద్ద ఆర్‌వీ తీసుకోవాలన్న ఆలోచన మానుకోండి. పార్కుల్లో ఆర్‌వీకి పార్కింగ్ దొరకడం కష్టం. పాలు కావాలన్నా, ఎవరికైనా ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి వెళ్లాలన్నా మినీవ్యానే ఆదుకుంటుంది. రాత్రి ఆర్‌వీలో పట్టనివాళ్లకు, బండి నిలుపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లోనే చిన్న క్యాబిన్ తీసుకోండి. ఎడారి కింది ఊళ్లలో జులై రాత్రి టెంటులో నిద్ర పట్టదు.

క్యాంప్‌గ్రౌండ్లలో ఒక్కో సైటుకు ఇంతమందే అని పరిమితి ఉంటుంది. చాలాచోట్ల అది ఆరు నుంచి ఎనిమిది. పక్కపక్కనే రెండు సైట్లు కావాలంటే ముందే మేల్కోవాలి. నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో చాలావాటికి ఆరు నెలల ముందే రిజర్వేషన్ తెరుస్తారు.

అద్దె ఒప్పందంలో మూడు విషయాలు తప్పకుండా చదవండి: మైలుకు ఎంత, జనరేటర్ గంటకు ఎంత, ఏ దారుల్లోకి బండి తీసుకెళ్లకూడదు. వేసవిలో డెత్ వ్యాలీలోకి చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా పెద్దవాళ్లతో వెళ్లొద్దని నా మాట. 1913 జులై 10న అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 134 డిగ్రీలే ఇప్పటికీ ప్రపంచ రికార్డు.

2. దారిని ఎత్తులు చూసి గీసుకోండి

మ్యాప్‌లో మైళ్లతో పాటు ప్రతి ఊరి ఎత్తూ పక్కన రాసుకోండి. లాస్ వేగాస్ సుమారు 2,000 అడుగులు, జయాన్ దగ్గరి స్ప్రింగ్‌డేల్ 3,900, పేజ్ 4,300, గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) 7,000, బ్రైస్ 8,000 పైనే. వెయ్యి అడుగులు ఎక్కితే మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. వేగాస్ 110లో ఉడుకుతున్న రోజే సౌత్ రిమ్‌లో 85 ఉండొచ్చు. బ్రైస్‌లో అయితే రాత్రి స్వెట్టర్ తీశాం.

అందుకని కింది ఊళ్లలో ఒక్కో రాత్రి, పై ఊళ్లలో రెండేసి రాత్రులు పెట్టుకోండి. మా లెక్క ఇలా కుదిరింది: వేగాస్ 1, జయాన్ దగ్గర 1, బ్రైస్ 2, పేజ్ 1, గ్రాండ్ కేన్యన్ 2, విలియమ్స్ 1. వేగాస్, పేజ్ లాంటి చోట్ల కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఉన్న సైటే తీసుకోండి. దాన్ని ఫుల్ హుకప్ అంటారు. గ్రాండ్ కేన్యన్ లోపల ట్రైలర్ విలేజ్‌లో ఇది ఉంది. మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో లేదు. కానీ అక్కడి చల్లదనానికి కరెంటు లేకపోయినా గడుస్తుంది.

జయాన్ నుంచి తూర్పుకు వెళ్లే దారిలో 1930 నాటి సొరంగం ఉంది. 2026 జూన్ 7 నుంచి 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ దాటిన బళ్లను ఆ దారిలోకి రానివ్వరు. అద్దె ఆర్‌వీల్లో చాలా మటుకు ఈ కొలతలు దాటేస్తాయి. జీపీఎస్‌కు మీ బండి ఎత్తు తెలియదు, నేరుగా అటే పొమ్మంటుంది. మీరు మాత్రం హరికేన్ ఊరి నుంచి 59వ నంబరు రోడ్డు పట్టుకుని ఫ్రెడోనియా మీదుగా కనాబ్ చేరండి. ఇది మామూలు రోడ్డు, రద్దీ కూడా తక్కువ.

టైము తేడా కూడా రాసుకోండి. వేసవిలో యూటా గడియారం కాలిఫోర్నియా కంటే ఒక గంట ముందుంటుంది. ఆరిజోనాలో, నవాహో ఆదివాసుల ప్రాంతం తప్ప, గడియారం మార్చరు. కాబట్టి పేజ్‌లో టైము కాలిఫోర్నియా టైమే. పేజ్ దగ్గరి ఇరుకు లోయ యాంటిలోప్ కేన్యన్‌కు టూరు బుక్ చేసుకున్నవాళ్లు ఎవరి టైము లెక్కో ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. పక్కనే నవాహో టవర్ సిగ్నల్ తగిలి మన ఫోను గంట ముందుకు జరిగిపోతుంటుంది.

విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లుంటే ఇంకో మాట. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కానివాళ్లకు పార్కుల ప్రవేశ రుసుం వేరుగా ఉంది. జయాన్, బ్రైస్, గ్రాండ్ కేన్యన్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. మీ కుటుంబానికి ఏ పాసు నప్పుతుందో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకుని గేటు దగ్గరికి వెళ్లండి.

3. బండిని ముందురోజు మధ్యాహ్నమే ఇంటికి తెచ్చుకోండి

అద్దె బళ్లు మామూలుగా మధ్యాహ్నం ఇస్తారు. తీసుకున్న వెంటనే రోడ్డెక్కితే మండుటెండలో ఎడారిలో ఉంటారు. ఒక రోజు అద్దె పోయినా సరే, ఇంటి ముందు పెట్టుకుని రాత్రంతా ఫ్రిజ్ నడవనివ్వండి. ఆర్‌వీ ఫ్రిజ్‌లలో చాలావాటికి చల్లబడడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే అవి సరిగా పనిచేయవు కూడా. పెరుగు, పాలు, కూరలు ఇంటి ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి తెల్లవారుజామున అందులోకి మార్చండి.

విండ్‌షీల్డ్‌కూ కిటికీలకూ వెండిరంగు సన్‌షేడ్లు కొనండి. పైకప్పు వెంట్లలోకి పట్టే చదరపు దిండ్లు కూడా తెచ్చుకోండి. ఆ వెంట్లలోంచి కూడా వేడి బాగా దిగుతుంది. ఇవి కొన్న డబ్బు మొదటి మధ్యాహ్నమే తిరిగొస్తుంది.

4. నాలుగింటికి బయల్దేరండి, వెనక సీట్ల వేడి చూసుకోండి

మా పొరపాటు ఇక్కడే జరిగింది. సామాన్లు, పూజ, ఫొటోలు అయ్యేసరికి పది దాటింది. ఐ-15 హైవే మీద బేకర్ చేరేసరికి మధ్యాహ్నం రెండు. 134 అడుగుల థర్మామీటరు స్తంభం ఉండేది ఆ ఊళ్లోనే. బేకర్ దాటగానే పెద్ద ఎక్కుడు. ముందు సీట్లో మాకు చల్లగానే ఉంది. వెనక టేబుల్ దగ్గర అత్తయ్యగారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోతున్నారేమో అనుకున్నాను.

"ఏమైనా కావాలా అత్తయ్యగారూ?" అంటే, "ఏం లేదమ్మా, కాస్త గాలాడట్లేదు, అంతే" అన్నారు.

వెళ్లి పక్కన కూర్చుంటే తెలిసింది. గోడ మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఆవిడ ఒళ్లో పెట్టుకున్న కళ్లజోడు ఫ్రేము కూడా వేడిగా ఉంది. పైట చెంగు తడిపి మెడ చుట్టూ వేసి, పక్కకు ఆపి, జనరేటర్ వేశాక ఇరవై నిమిషాలకు గానీ ఆవిడ ముఖంలో కళ రాలేదు. డ్యాష్‌బోర్డు ఏసీ ముందు ఇద్దరికే సరిపోతుంది. వెనక చల్లబడాలంటే బండి నడుస్తున్నప్పుడు కూడా జనరేటర్ వేసి పైకప్పు ఏసీ నడపాలి. బండి ఇచ్చినవాళ్లు ఈ మాట మాకు చెప్పలేదు, మాకూ అడగాలని తెలియలేదు.

అందుకే ఒక చిన్న డిజిటల్ థర్మామీటరు కొని వెనక సీట్ల దగ్గర అతికించండి. మన పెద్దవాళ్లు "నాకు బాగోలేదు" అని నోరు తెరిచి చెప్పరు, పిల్లలకు ఇబ్బంది అనుకుంటారు. అంకె చూసి మనమే తెలుసుకోవాలి. 82 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే జనరేటర్ వేయాల్సిందే. దానికి ఎంత ఛార్జీ అయినా ఆలోచించకండి. పెట్రోలు ట్యాంకు పావు వంతుకు దిగితే జనరేటర్ తనంతట తానే ఆగిపోతుంది, మీరు రోడ్డు మీద చిక్కుకోకూడదని అలా పెట్టారు. కాబట్టి సగానికి దిగగానే నింపండి. జనరేటర్ నడుస్తున్నంతసేపూ దాని పొగగొట్టం వైపు కిటికీలు మూసి ఉంచండి. ఆ పొగలోని విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బండి తీసుకునేటప్పుడే బటన్ నొక్కి చూడండి.

నాలుగింటికి బయల్దేరితే బేకర్ ఎక్కుడు ఎనిమిదిలోపు దాటేస్తారు, పదికల్లా వేగాస్‌లో ఉంటారు. క్యాంప్‌గ్రౌండ్‌లో సైటు మామూలుగా మధ్యాహ్నం గానీ ఇవ్వరు. ముందుగా ఫోన్ చేసి, అవసరమైతే కాస్త ఎక్కువ కట్టి, పొద్దున్నే దిగేలా మాట్లాడుకోండి.

ఎక్కుడులో టో-హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేరు పద్ధతి) వేసి నిదానంగా ఎక్కండి. ఇంజన్ వేడి ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ ఆపి, హీటర్ వేయండి. ఎండలో హీటరేమిటి అనిపిస్తుంది గానీ ఇంజన్ వేడిని అదే లాగేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే పక్కకు ఆపండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా చిన్న గేరులో దిగండి. టైర్ల గాలి రోజూ పొద్దున్నే, బండి కదలకముందే చూడండి. 60 మైళ్ల వేగం చాలు.

బండి ఆగిపోతే దాన్ని వదిలి నడిచి వెళ్లకండి. ఫోన్ సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

5. కరెంటు లెక్క తెలిస్తేనే వంట సాగుతుంది

చాలా క్లాస్ సి బళ్లకు 30 ఆంప్స్ కనెక్షన్. అంటే మొత్తం 3,600 వాట్లు. పైకప్పు ఏసీకి 1,500 దాకా పోతుంది, కరెంటు కుక్కర్ ఇన్‌స్టంట్ పాట్‌కు వెయ్యి, మైక్రోవేవ్‌కు మరో వెయ్యి పైన. మూడూ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఏసీతో పాటు ఒక్క వస్తువే అని వంట చేసేవాళ్లందరికీ ముందే చెప్పండి.

ఇంకా మంచిది, కుక్కర్‌ను బయట పిక్నిక్ బల్ల మీద పెట్టుకోండి. లోపల వండితే ఆ ఆవిరిని బయటికి తోలడానికి ఏసీ మరో గంట పెనుగులాడుతుంది. తాలింపు అయితే అసలు లోపల వద్దు. ఎండుమిర్చి వేగేసరికి పొగ అలారం మోగి, పడుకున్న పిల్లలంతా లేచి కూర్చుంటారు. పోపు సామాన్లతో పాటు ఒక చిన్న గ్యాస్ స్టవ్ బయట పెట్టుకోండి. నిప్పుపై నిషేధం ఉందేమో క్యాంప్‌గ్రౌండ్‌లో ముందు అడగండి.

బ్రైస్, గ్రాండ్ కేన్యన్ ఎత్తులో నీళ్లు 92, 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. అక్కడ గిన్నెలో కందిపప్పు పెడితే ఎంతసేపైనా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తప్పనిసరి.

తిండి విషయంలో మన ఇంటి అలవాట్లే ఎడారికి బాగా సరిపోతాయి. తెల్లవారుజామున మూడింటికి పులిహోర కలిపితే మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు. పెరుగన్నం మాత్రం ఐస్‌పెట్టెలోనే ఉండాలి. మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి రెండు గ్యాలన్ల జగ్గుల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. సోడాల కంటే ముందు అవే ఖాళీ అవుతాయి. కారప్పొడి, గోంగూర పచ్చడి, జంతికలు ఎలాగూ ఉంటాయి. ఎంగిలి పళ్లేలు సింకులో కడగకుండా పేపర్ ప్లేట్లు వాడండి. మెతుకులు, నూనె సింకు నీళ్లు చేరే గ్రే ట్యాంకులోకి పోతే ఆ వేడికి మర్నాటికి వాసన కొడుతుంది.

6. నీళ్లు, బాత్రూం

తాగడానికి మనిషికి రోజుకు ఒక గ్యాలన్. పదకొండు మందికి పదకొండు గ్యాలన్లు. ట్యాంకులో నీళ్లున్నాయన్న ధీమా వద్దు, తాగే నీళ్లు విడిగా పెట్టుకోండి. క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి గొట్టం బిగించేముందు కాసేపు నీళ్లు వదిలేయండి. ఎండకు కాగి మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి.

టాయిలెట్ గురించి మొహమాటపడకుండా మొదటి సాయంత్రమే అందరికీ చూపించండి. ఫ్లష్ కాలితో తొక్కే పెడల్ మీద ఉంటుంది. పెద్దవాళ్లకు అది కనిపించదు, అడగడానికి సిగ్గుపడతారు. చెంబు వాడే అలవాటు ఇక్కడ మంచిదే, టాయిలెట్‌లోది చేరే బ్లాక్ ట్యాంకులో నీళ్లు ఎక్కువ ఉంటేనే శుభ్రంగా దిగుతుంది. కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది. మాకు రెండో రోజుకల్లా నిండింది. కాగితం వాడేవాళ్లకు ఆర్‌వీ కోసం అమ్మే పల్చటి కాగితమే ఇవ్వండి.

ఖాళీ చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకుని, గొట్టం రెండు కొసలూ గట్టిగా బిగించి, ముందు బ్లాక్ ట్యాంకు వాల్వు తెరవండి. అది పూర్తిగా దిగాక మూసి, తర్వాత గ్రే ట్యాంకు తెరిస్తే ఆ సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. హుకప్ ఉన్న చోట కూడా బ్లాక్ వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచొద్దు. నీళ్లు పోయి మలం అడుగున గట్టిపడుతుంది. ఆఖరున ట్యాంకు మందు, రెండు చెంబుల నీళ్లు పోయండి. ఈ పని తెల్లవారుజామున చేయండి, మధ్యాహ్నం వాసన భరించలేరు.

7. పెద్దవాళ్లు, పిల్లలు

ఇన్సులిన్ వాడేవాళ్లుంటే దాన్ని ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు తగలకుండా పెట్టండి. బయటికి వెళ్లేటప్పుడు చల్లటి సంచిలో వెంట తీసుకెళ్లండి. మినీవ్యాన్‌లో మాత్రం ఒక్క పది నిమిషాలు కూడా వదలొద్దు. బీపీకి ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లు ఎండలో ఎన్ని నీళ్లు తాగాలో బయల్దేరేముందే డాక్టర్ని అడగాలి. ఓఆర్‌ఎస్ పాకెట్లు రెండు డజన్లు పెట్టుకోండి. ఎవరైనా తికమకగా మాట్లాడినా, వాంతులవుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా 911కు ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు ఒళ్లంతా తడిపి విసరండి.

గుమ్మం దగ్గర చెప్పులు విప్పే అలవాటు మనది. ఆర్‌వీకి ఉండేది ఇనప మెట్టు. మా మేనకోడలు ఉత్తి కాలు దాని మీద పెట్టి కెవ్వుమంది. మెట్టు మీద చిన్న పట్టా కట్టి, చెప్పులు లోపలే విప్పించండి.

జయాన్, బ్రైస్, సౌత్ రిమ్ మూడింటిలోనూ ఉచిత షటిల్ బస్సులున్నాయి. పెద్దవాళ్లు వాటిలో కూర్చునే దాదాపు అంతా చూడొచ్చు. పొద్దున్నే మొదటి బస్సు, సాయంత్రం ఐదు తర్వాత మరో విడత. మధ్యాహ్నం పరదాలు వేసుకుని నిద్ర, పేకాట, అంత్యాక్షరి.

8. మబ్బు పట్టిందని సంబరపడకండి

జులై నుంచి ఈ ఎడారికీ వానాకాలం ఉంది. ఎక్కడో ఇరవై మైళ్ల అవతల కురిసిన వాన ఇక్కడి ఇరుకు లోయలోకి ఒక్కసారిగా వచ్చిపడుతుంది. 1997 ఆగస్టు 12న యాంటిలోప్ కేన్యన్‌లో అలాంటి వరదకు 11 మంది చనిపోయారు. ఇప్పుడు అక్కడికి నవాహో గైడు లేకుండా వెళ్లనివ్వరు. గైడు టూరు రద్దు చేస్తే బతిమాలకండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే బండి దింపొద్దు. గాలి లేవగానే ఆర్‌వీ పందిరి చుట్టేయండి. రాత్రి పడుకునేముందు కూడా చుట్టేయాలి.

9. తిరుగు ప్రయాణం

ఐ-40 మీద నీడిల్స్ చుట్టుపక్కల వేడి మొత్తం ప్రయాణంలోకెల్లా ఎక్కువ. అందుకే ఆఖరి రాత్రి 6,700 అడుగుల ఎత్తులోని విలియమ్స్‌లో పడుకుని, నాలుగింటికల్లా కదలండి. కింగ్‌మన్‌లో పెట్రోలు నింపండి, కాలిఫోర్నియాలో ధర ఎక్కువ. ఏడున్నరకు నీడిల్స్ దాటితే పదిన్నరకల్లా బార్‌స్టోలో ఉంటారు.

బండి అప్పగించే ముందు రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, పెట్రోలు తీసుకున్నప్పటి గీత దాకా నింపి, జనరేటర్ గంటల మీటరును ఫొటో తీసుకోండి. మంచాల కింద, టేబుల్ సీట్ల పెట్టెల్లో, మైక్రోవేవ్‌లో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ ఉందేమో మరీ చూడండి.